పాడైన తోలే పాఠం చెప్పింది

(మా విలేఖరి)

ఎల్బీ నగర్: అనుభవమైతే గాని తత్వం బోధపడదని పెద్దలు వూరికే అనలేదు. తెగిన సంచి పట్టీ కుట్టించుకోవడానికి వెళ్ళిన ఈ విలేఖరి, ఆ తరువాత ఎనిమిది నెలలు తోలు పని నేర్చుకుంటూ గడిపాడు. కుట్టినవాటి కంటే పాడుచేసినవే ఎక్కువ. పర్సులు, బెల్టులు, సంచులు సొంతంగా చేసుకోవాలన్న సరదా నగరంలో చదువుకున్న యువకుల్లో ఇటీవల కనిపిస్తోంది. అటువంటి వారికి ఈ తప్పుల చిట్టా కొంతైనా పనికొస్తుందన్న ఆశతో ఇది రాయడం జరుగుతోంది. అయితే ఈ తప్పులకు మూల్యం చెల్లించింది ఈ విలేఖరి ఒక్కడే కాదన్న సంగతి కూడా చెప్పుకోవలసి వుంది.

విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు కలిసే ఎల్బీ నగర్ చౌరస్తా సంగతి పాఠకులకు తెలిసిందే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఇక్కడి దాకా మెట్రో రైలు వచ్చింది. పైన రైలు, కింద బస్సులు, వాటి మధ్య వంతెనలు. కొత్తపేట వైపు నుంచి వచ్చే దారిలో ఒక మెట్రో స్తంభం నీడన, ఒక పెద్దాయన గోనెపట్టా పరచుకుని చెప్పులు కుడుతూ వుంటాడు. స్తంభం నీడ జరిగినప్పుడల్లా ఆయన కూడా జరుగుతాడు. సాగర్ రోడ్డు మీది పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఈ విలేఖరి సంచి కిందటి వానాకాలంలో ఆయన ముందరే తెగింది.

ఆయన పట్టీని వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది రెక్జిను బిడ్డా. కుట్టినా నిలవది. తోలుదైతే నీ కొడుకు గూడ ఏసుకుంటడు" అన్నాడు.

"నేనే కుట్టుకుంట, నేర్పుతవా పెద్దయ్యా?" అని అడిగితే ఆయన నవ్వి వూరుకున్నాడు. మరునాడు మళ్ళీ వెళ్తే, పక్కన కూర్చోమని ఆరె చేతికిచ్చాడు.

వీపా? పొట్టా?

మొదటి తప్పు తోలు కొనడంలోనే జరిగింది. నగరంలోని దుకాణంలో చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. చవకగా వస్తోంది గదా అని పొట్ట భాగం తెచ్చి, రెండు వేళ్ళ వెడల్పున పట్టీ కోసి సంచికి కుట్టడం జరిగింది. నోటు పుస్తకాలు, కెమెరా, నీళ్ళ సీసా మోసిన ఆ పట్టీ నెల తిరిగేసరికి నాలుగు వేళ్ళు సాగింది. నడుము దగ్గర వుండవలసిన సంచి మోకాలికి తగలసాగింది.

"పశువు పొట్ట రోజూ ఉబ్బుతది, తగ్గుతది. ఆ తోలుకు సాగుడు అలవాటు. వీపు తోలు గట్ల గాదు" అని పెద్దాయన వివరించాడు. వెన్నెముకకు ఇరువైపులా వున్న తోలులో నారలు దట్టంగా అల్లుకుని వుంటాయి. పొట్ట వైపు, కాళ్ళ వైపు అల్లిక వదులుగా వుంటుంది. కాబట్టి బరువు మోసే పట్టీని వీపు తోలులో నుంచి, వెన్నెముక వెంబడి నిలువుగా కోయాలి. పొట్ట తోలు పారవేయనక్కర లేదు. జేబులకు, అస్తరుకు అది చాలు.

తపాలా బిళ్ళ కుట్టు

రెండవ తప్పు కుట్టులో. కుట్లు ఎంత దగ్గరగా వుంటే అంత గట్టిదనం అనుకుని ఈ విలేఖరి అంగుళానికి 12 రంధ్రాలు పొడిచాడు. చూడడానికి అందంగానే వుంది. బరువు పడగానే తపాలా బిళ్ళ చినిగినట్టు రంధ్రాల వెంబడి తోలే చినిగింది. గుడ్డలో సూది నారలను పక్కకు జరుపుకుని పోతుంది. తోలులో ఆరె నారలను కోసుకుని పోతుంది. పొడిచిన ప్రతి రంధ్రం తోలుకు ఒక గాయమే. అంగుళానికి ఆరు కుట్లు, అంచు నుంచి కనీసం మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎడం వుంటే సంచికి సరిపోతుందని మూడు పట్టీలు చినిగాక గాని తేలలేదు.

దారానికి కూడా పద్ధతి వున్నది. ఒకే దారానికి రెండు కొనలా రెండు సూదులు కట్టి, ఒకే రంధ్రంలో నుంచి అటొకటి, ఇటొకటి దూర్చి బిగించే కుట్టు చేతిపనిలో గట్టిది. ఒకచోట తెగినా మిగతా కుట్లు నిలబడతాయి. మిషను కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే వరుసగా వూడుతూ పోతుంది. దారానికి తేనె మైనం పట్టిస్తే నీరు తొందరగా ఎక్కదు, బిగువు జారదు.

అతికించే సొల్యూషను విషయంలోనూ తొందరే చెరుపు చేసింది. పూయగానే అతికిస్తే రెండు రోజుల్లో విడిపోయింది. నున్నని ముఖాన్ని ముందు గీరి గరుకు చేసుకోవాలి. రెండు వైపులా పలచగా పూసి, వేలికి అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు అదిమితే పట్టు దొరుకుతుంది.

నీకు ఆట, నాకు పూట

మూడవ తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగా వుంది. ఒక సాయంత్రం పెద్దాయన తన దగ్గరున్న మంచి తోలు ముక్క ఇచ్చి, రాత్రికి నీళ్ళలో తడిపి, తెల్లారి నాలుగు పట్టీలుగా కోసి తెమ్మన్నాడు. ఒక ఖాతాదారు కొత్త చెప్పుల జత చెప్పి వున్నాడు. ఆ తోలు ఆయన కోసం దాచింది. ఈ విలేఖరి రాత్రి తడపడం మరచిపోయాడు. తెల్లవారి బస్సు వేళ దగ్గర పడింది. వేడి నీళ్ళయితే త్వరగా మెత్తబడుతుందనుకుని, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు పోశాడు. కళ్ళ ముందే ఆ తోలు కాలిన అప్పడంలా ముడుచుకుపోయింది. ఆరాక చెక్కముక్క లాగా బిగిసింది.

చెట్ల బెరడుతో పదును చేసిన తోలు సుమారు 70, 80 డిగ్రీల వేడికే ముడుచుకుంటుంది. ఒకసారి ముడుచుకున్నది మళ్ళీ తెరుచుకోదు. చల్లని నీటితో గాని, గోరువెచ్చని నీటితో గాని తడిపి, నీడన ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెట్టినా చేటే.

ముడుచుకున్న ముక్కను పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. కోప్పడలేదు. ఖాతాదారు వచ్చి, చెప్పులు లేవని తెలుసుకుని, బజారులో కొనుక్కుంటానని వెళ్ళిపోయాడు. అప్పుడు మాత్రం, "నీకిది ఆట బిడ్డా, నాకు పూట" అన్నాడు. ఆ మాటకు ఈ విలేఖరి దగ్గర జవాబు లేకపోయింది.

డబ్బు ఇవ్వబోతే వద్దని, తోలుకు తోలు తెచ్చి ఇమ్మన్నాడు. దుకాణానికి వెళ్ళి, మెత్తగా, నున్నగా, అంతకన్నా ఖరీదైనదే తెచ్చి ఇవ్వడం జరిగింది. అదీ తప్పే అయింది. పెద్దాయన రంపెతో ఒక మూల కోసి లోపలి రంగు చూపించాడు. అంచున లేత నీలం కనిపించింది. అది క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు. మెత్తని సంచులకు, షూ పైభాగానికి మంచిదే. ఆయన కుట్టే చెప్పుల పట్టీలకు కావలసిన బిగువు అందులో వుండదు. బెరడు తోలును కోస్తే లోపలంతా గోధుమ రంగే. మరో పరీక్ష కూడా వున్నది. చిన్న ముక్కను మరిగే నీళ్ళలో వేస్తే బెరడు తోలు వెంటనే ముడుచుకుంటుంది, క్రోమ్ తోలు చాలావరకు అలాగే వుంటుంది. ఆయన తోలును ఉడకబెట్టిన తప్పే ఇలా పరీక్షగా మారింది. సరయిన తోలు మూడో ప్రయత్నంలో గాని ఆయన చేతికి చేరలేదు.

నల్ల మచ్చ నేర్పిన విద్య

నాలుగవ తప్పు మాత్రం లాభించింది. తడిపిన పట్టీ వంకర పోకుండా రాత్రి దాని మీద రెండు కిలోల ఇనుప తూకపు రాయి పెట్టడం జరిగింది. తెల్లారి చూస్తే పట్టీ మధ్య గుండ్రని నల్ల మచ్చ. సబ్బుతో రుద్దినా పోలేదు.

కారణం వెదికితే అది మనవాళ్ళకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. తంగేడు చెక్కలో, కరక్కాయలో వుండే వగరు పదార్థమే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మారుస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు పువ్వును బతుకమ్మలో పేర్చడం అందరికీ తెలుసు. దాని బెరడు తరతరాలుగా తోళ్ళు పదును పెట్టిందన్నది చాలామంది మరచిపోయారు. ఆ వగరుకు తడిలో ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వం సిరా చేసిందీ ఇలాగే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం నానబెట్టి పులియబెట్టిన నీటితో నల్లని గీతలు గీసేదీ ఇలాగే.

గుడ్డకు పనికొచ్చింది తోలుకు పనికిరాదా అన్న ఆలోచన వచ్చింది. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి మూడు వారాలు మూల పెట్టి, మూడు తోలు ముక్కల మీద పరీక్ష చేయడం జరిగింది. ఒకసారి పూసిన ముక్క బూడిద రంగుకు తిరిగింది. మూడుసార్లు పూసి మధ్య మధ్య ఆరనిచ్చినది నిగనిగలాడే నలుపు తేలింది. రాత్రంతా నానిన ముక్క కూడా నల్లబడింది గాని, ఆరాక మడిస్తే పగిలింది. క్రోమ్ ముక్క సరిగా నల్లబడనే లేదు. రంగు పట్టాక పులుపు పోయేలా వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఆముదం రాయాలి. ఆముదం ఎక్కువైతే పట్టీ వేలాడుతుంది, చొక్కాకు మరక అవుతుంది. ఇదీ అనుభవమే.

పెద్దాయన కుండ మూత తీసి వాసన చూసి, "కల్లు లెక్క ఉన్నది గదా" అని నవ్వాడు. తరువాత ఒక సీసాలో పోయించుకుని తన పెట్టెలో పెట్టుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన ఈ విలేఖరి దగ్గర తీసుకున్నది అదొక్కటే.

వూరిలో లంద, ఇక్కడ గోనెపట్టా

పెద్దాయన తండ్రి వూరిలో లంద నడిపేవాడు. బావి నుంచి నీరు తోడే మోటకు తోలు తొండాలు, ఎద్దులకు వార్లు, రైతులకు కిర్రు చెప్పులు కుట్టి ఇస్తే, కల్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. ప్లాస్టిక్ చెప్పులు వచ్చి కిర్రు చెప్పులు పోయాయి. మిగిలిన ఆరె, రంపె పట్టుకుని ఆయన నగరానికి వచ్చాడు. కొడుకు ఆటో నడుపుతాడు. ఆ పెట్టె ముట్టుకోడు. "ముట్టుకోవద్దని నేనే చెప్పిన. ఈ పని చేస్తే పేరు పెట్టి పిలువరు, కులం పెట్టి పిలుస్తరు" అని పెద్దాయన అన్నాడు. చదువుకున్నవారు సరదాకు పడితే కళ అనిపించుకుంటున్న ఆరె, ఆయన చేతిలో మాత్రం కులంగానే మిగలడం ఆలోచించవలసిన విషయం.

తోలు విద్యకు ప్రభుత్వ ఆసరా లేదనలేము. మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ 1948లో, ఉమ్మడి రాష్ట్రంలో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ లిడ్‌క్యాప్ 1973లో ఏర్పడ్డాయి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పులు కుట్టే పని కూడా వున్నది. పనిముట్లకు రూ. 15 వేలు, శిక్షణ రోజులకు రూ. 500 చొప్పున భత్యం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు ఇవ్వాలన్నది నిబంధన. ఈ సంగతి స్తంభం కింద కూర్చున్న మనిషి దాకా రాలేదు. "ఎవరు చెప్పలె, ఎక్కడ అడగాల్నో ఎరుక లేదు" అన్నాడు. సంబంధిత అధికారులు ఫుట్‌పాత్‌ల మీద పనిచేసే ఇటువంటి వారి దగ్గరకే వచ్చి పేర్లు నమోదు చేసుకుంటే, వానకు, ఎండకు ఒక చిన్న నీడ కల్పిస్తే మేలు చేసిన వారవుతారు.

సంచి పూర్తయింది. వీపు తోలు పట్టీ, అంగుళానికి ఆరు కుట్లు, బెల్లం నీటి నలుపు. మొదట్లో తోలు ముక్కలను గడప దాటనివ్వని ఈ విలేఖరి తల్లి, ఇప్పుడు ఆ సంచిని లోపలి గదిలో మేకుకు తగిలిస్తోంది. తప్పులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, ప్రతి తప్పు ఎదుట ఎంత నష్టం, ఎవరికి నష్టం అని రాసుకోవడం జరిగింది. అందులో ఇంకా దిద్దుకోనిది ఒకటి మిగిలింది. సంచి ఇంట్లోకి వచ్చింది గాని, అది కుట్టడం నేర్పిన మనిషిని ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం ఇంతవరకు జరగలేదు. వచ్చే ఆదివారం రమ్మని పెద్దాయనను అడిగితే, "మీ అమ్మను అడిగినవా?" అన్నాడు. అడగవలసి వుంది.