కౌలాస్ కోట – ఒక సందర్శనం

మన విద్యార్థులలో గోలకొండను చూడనివారు అరుదు. కాని ఎల్లారెడ్డి నుండి నిజాంసాగర్, పిట్లం మీదుగా పోయి చేరదగిన కౌలాస్ కోటను చూచినవారు తరగతికి ఇద్దరు ముగ్గురైనా కానరారు. గత శీతకాలంలో కొందరు విద్యార్థులతో అక్కడికి పోయి వచ్చిన పిమ్మట ఈ నాలుగు మాటలు వ్రాయాలనిపించినది.

కామారెడ్డి జిల్లా జుక్కల్ మండలంలో, బాలాఘాట్ కొండల నడుమ ఈ కోట ఉన్నది. తెలుగు, మరాఠీ, కన్నడ సీమలు ఒకదానినొకటి తాకే చోటు అది. దిగువన కౌలాస్ వాగు మంజీరను చేరడానికి పోతూ ఉంటుంది. దానిపై కట్టిన జలాశయం పైనుండి చూచేవారికి కనులపండువు. "రాజులు ఎంత పెద్ద చెరువు త్రవ్వించినారు సార్!" అని ఒక విద్యార్థి ఆశ్చర్యపడినాడు. చెరువు మన కాలపుదే నాయనా, వాగు మాత్రమే పాతది అని చెప్పవలసివచ్చినది. కొండ ఏటవాలు, వాగు లోయ – గోడ లేవకముందే ప్రకృతి సమకూర్చిన రక్షణ ఇది.

రాష్ట్రకూటుల నాడే కోట వెలసినదని ప్రతీతి. దీని విలువ తేటతెల్లమయ్యేది 14వ శతాబ్దంలో. ఢిల్లీ సుల్తానుపై తిరుగబడిన దక్కను అమీరులకు ఓరుగల్లు పాలకుడు ముసునూరి కాపయ నాయకుడు తోడ్పడినాడు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడినది. మూడేండ్లు గడిచీ గడవకముందే ఆ మైత్రి చెడి, బహమనీ సుల్తాను తెలంగాణంపైకి వచ్చి, సంధిలో కౌలాసును కోరి తీసికొన్నాడు. ఈ కోటనే ఎందుకు? పటం ముందుంచుకొని చూడండి. బీదరు, కంధారుల వైపు నుండి తెలంగాణంలోకి దిగే దారులపై కన్నువేసి ఉంచగల చోటు ఇది. వాకిలి వదులుకొన్నవానికి నట్టిల్లు ఎన్నాళ్లు దక్కుతుంది? 1364 ప్రాంతంలో గోలకొండ కూడ బహమనీల పాలైనది. తరువాత కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు. ఆలయాలూ మసీదూ ఒకే ప్రాకారంలో నిలిచినవి.

నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టం ఇంకొకటి. 1857 తిరుగుబాటు తరువాత పట్వారీ రంగారావు నానాసాహెబు పక్షాన ఈ ప్రాంతంలో జనాన్ని లేపడానికి పూనుకొన్నప్పుడు, కౌలాస్ రాజా దీప్‌సింగు, సఫ్దరుద్దౌలా ఆయనతో చేయి కలిపినారు. ఒకడు గ్రామ లెక్కలు వ్రాసేవాడు, ఒకడు రాజపుత్రుడు, ఒకడు నవాబు! 1859లో గుట్టు బయటపడినది. రంగారావు అండమానులో 1860లో కన్నుమూసినాడు. దీప్‌సింగుకు మూడేండ్ల చెర విధించినారు.

ఈ కథ నేను ఒక కూలిన గోడ ప్రక్కన చెప్పుచుండగా, ఎవరో నిక్షేపాల ఆశతో త్రవ్విన గొయ్యి మా కాళ్ల ముందే ఉన్నది. పునాదిరాళ్లు పెకలించి పడవేసినారు. రావి వేళ్లు గోడను చీల్చడానికి ఏండ్లు పడుతుంది. గడ్డపారకు ఒక రాత్రి చాలు. మా వారిలో ఒకడు పేరు వ్రాయడానికి తీసిన బొగ్గుముక్కను మాట్లాడకుండ జేబులో వేసికొన్నాడు.

పోదలచినవారు వానలు వెలసి గడ్డి ఎండిన పిదప పోవడం మంచిది. పొదలలో పాముల భయం కలదు. త్రాగునీరు వెంట ఉండవలె. ఉదయమే బయలుదేరితే చీకటిపడకముందే ఎల్లారెడ్డి చేరవచ్చును.