మారుచున్న వాతావరణము – మన ఆరోగ్యము

ఆరోగ్యమనగానే మందులను, వైద్యశాలను తలచుట మనకు వాడుక. కాని త్రాగు నీరు, పీల్చు గాలి, కాయు ఎండ సరిగా లేనిచో మందులు ఎంతకాలము కాపాడగలవు? బొగ్గు, పెట్రోలు మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నది. లెక్కలుంచిన సంవత్సరములన్నిటిలోను 2024 మిక్కిలి వేడియైనదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఏడాది పొడవున పారు నది లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని వానలు కురిసిననే పారును. అందుచే పూర్వులు ఒకదాని దిగువ ఒకటిగా చెరువులు కట్టించిరి. చెరువులు పూడిపోగా మనము బోరుబావులను నమ్ముకొంటిమి. కఠినశిలల పగుళ్లలో బహుకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగును. వానలు తప్పినకొలది బోరులు లోతగును. లోతైనకొలది ఫ్లోరైడు సాధారణముగా హెచ్చును. ఎండలు ముదిరినపుడు నీరు అధికముగా త్రాగుదుము గనుక అదియు అధికముగా ఒంటబట్టును.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మించినచో పిల్లల పండ్లు గారపట్టును. ఏండ్లు గడచినకొలది ఎముకలు, కీళ్లు బిగిసికొనును. మన దేశమున ఈ వ్యాధి మొదట 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. నీరు కాచినచో సూక్ష్మజీవులు చచ్చునే గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది మరింత చిక్కబడును. శుభ్రమైన కప్పుపై పట్టిన వాననీటిలో ఈ దోషము దాదాపు లేదు.

రెండవ భయము దోమలది. నీటి కొరతచే ఇండ్లలో తొట్లు, పీపాలు నింపి ఉంచుదురు. డెంగీ దోమ ఆ మంచినీటనే గుడ్లుపెట్టి, పగటివేళ కుట్టును. 2023లో శిడ్లఘట్ట తాలూకా తలకాయలబెట్టలో సేకరించిన దోమలలో జికా వైరసు కనబడినది. గుడ్డు దోమయగుటకు సుమారు వారము, పది దినములు పట్టును. కావున వారమునకొకసారి తొట్టి తోమి, ఆరబెట్టి, మూత వేయవలెను.

మూడవది వడదెబ్బ. 2010లో వడగాడ్పులకు అనేకులు మరణించగా, అహమదాబాదు నగరము 2013లో ఒక ప్రణాళికను అమలుపరచినది. ముందుగా హెచ్చరించుట, వైద్యసిబ్బందికి శిక్షణనిచ్చుట, త్రాగునీరు, నీడ కల్పించుట అందలి ముఖ్యాంశములు. మన పంచాయతీలును ఇట్లు చేయవచ్చును. కూలిపనిని ఉదయ సాయంకాలములకు మార్చుటకు ఖర్చేమియు లేదు.

2021 నవంబరులో కుండపోత వానలకు మన చెరువులు నిండినవి. వాన ఒక్కుమ్మడిగా వచ్చు కాలమున పూడిక తీసి, కాలువలు బాగుచేసికొన్న ఊరికే ఆ నీరు దక్కును. బోరునీటిని ఏటేట పరీక్ష చేయించుట కూడ అంతే అవసరము.

విద్యార్థులారా! ఆరోగ్యశాఖ ప్రకటనలు ఎక్కువగా కన్నడమున ఉండును. మన ఇండ్లలో అవ్వతాతలకు తెలుగే సులభముగా తెలియును. రెండు భాషలు నేర్చిన మీరు వానిని చదివి, ఇంటివారికి తెలుగులో చెప్పుడు. హెచ్చరిక అర్థమైన ఇంటనే జాగ్రత్త నిలుచును.