వలదారంలో లోహం పని

లాగితే సాగే మెత్తని పాలిథీన్ సంచీ, మరబోటు వలకు వాడే గట్టి హెచ్.డి.పి.ఇ. దారమూ ఇథిలీన్ అనే ఒకే వాయువు నుంచి పుట్టినవే. మరి ఇంత తేడా ఎందుచేత?

1933లో ఇంగ్లండులో విపరీతమైన ఒత్తిడితో పుట్టిన పాలిథీన్‌లో అణువుల గొలుసులకు పక్కకొమ్మలుంటాయి. తుమ్మకంప మోపు కట్టి చూడండి, అన్నీ సందులే!

1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలను ఉత్ప్రేరకంగా వాడాడు. ఆ లోహం మేస్త్రీలాగా ఒక్కొక్క అణువునే వరుసలో చేరుస్తుంది. కొమ్మల్లేని గొలుసులు సరుగుడు వాసాల్లా ఒత్తుగా సర్దుకుంటాయి. దారానికి బలం అక్కడిదే.

ఈ దారం ఉప్పునీటిలో కుళ్లదు. అయితే ఎండ ఆ గొలుసులను తెంచుతుంది. కనుక వేట ముగిశాక వలను నీడపట్టున ఉంచండి.