యాపిల్ పని అయిపోయిందా? అసలు తేడా ఎక్కడ కొట్టింది?

ఐఫోన్ 13, ఐఫోన్ 14 రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమంటే మీరు చెప్పగలరా? రోజూ ఫోన్లే చూసే నేనే తడబడతాను. ఇండియాలో 13, 14, 15, 16, ఈ నాలుగింటి లాంచ్ ధర కూడా ఒకటే, 79,900 రూపాయలు. నాలుగేళ్లు అదే రేటు, దాదాపు అదే ఫోన్. పైగా 2024లో వచ్చిన ఐఫోన్ 16లో కూడా 60 హెర్ట్జ్ స్క్రీనే ఇచ్చారు. అప్పటికి ఇరవై వేల లోపు ఆండ్రాయిడ్ ఫోన్లలోనే 120 హెర్ట్జ్ మామూలైపోయింది. అందుకే "యాపిల్ పని అయిపోయింది రా" అనే మాట గట్టిగా వినిపిస్తోంది. నిజంగానే అయిపోయిందా?

ఎక్కువమంది చెప్పే కథ ఏంటంటే, స్టీవ్ జాబ్స్ ఉన్నప్పుడు అన్నీ కొత్తవే, ఆయన పోయాక అన్నీ పాతవే. వినడానికి బాగుంటుంది కానీ నేను ఒప్పుకోను. 2001లో ఐపాడ్ వచ్చేసరికే మార్కెట్లో ఎంపీ3 ప్లేయర్లు ఉన్నాయి. ఐఫోన్ మల్టీటచ్ వెనకాల ఉన్నది 2005లో కొన్న ఫింగర్‌వర్క్స్ అనే చిన్న కంపెనీ పని. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో 3జీ లేదు, వీడియో రికార్డింగ్ లేదు, యాప్ స్టోర్ లేదు. కాపీ పేస్ట్ కూడా 2009 దాకా రాలేదు! 2008లో తెచ్చిన మొబైల్‌మీ సర్వీస్ అయితే ఘోరంగా ఫెయిల్ అయింది. అంటే యాపిల్ ఎప్పుడూ "ముందు వచ్చే" కంపెనీ కాదు. స్క్రీన్లు, బ్యాటరీలు, చిప్‌లు ఒక స్థాయికి వచ్చేదాకా ఆగి, అప్పుడు దిగి, మిగతావాళ్ల కంటే శుభ్రంగా చేసే కంపెనీ. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, సిరి దగ్గర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

జాబ్స్ తర్వాత ఏం రాలేదా అంటే, వచ్చాయి. 2015లో వాచ్, 2016లో ఎయిర్‌పాడ్స్. ఆ ఎయిర్‌పాడ్స్ చూసి అందరూ నవ్వారు, ఏడాది తిరిగేసరికి అందరూ అవే కాపీ కొట్టారు. ఇప్పుడు మన హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో ఉన్న ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో కూడా ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి.

కానీ నన్ను అడిగితే అసలు ఇన్నోవేషన్ మన కంటికి కనపడని చోట జరిగింది. చిప్‌లో. 2008లో పీఏ సెమీ అనే చిప్ డిజైన్ కంపెనీని యాపిల్ కొనేసింది. 2010లో మొదటి సొంత చిప్ ఏ4 వచ్చింది. 2013లో ఐఫోన్ 5ఎస్‌లో ఏ7 పెట్టారు, ఫోన్లలో అదే మొదటి 64 బిట్ చిప్. మిగతా కంపెనీలు అప్పటికి ఇంకా 32 బిట్ దగ్గరే ఉన్నాయి. అక్కడినుంచి ఏడేళ్లకి, 2020 నవంబర్లో, మ్యాక్‌బుక్‌లోంచి ఇంటెల్‌ని తీసేసి సొంత ఎం1 చిప్ పెట్టారు.

ఇది ఎంత కష్టమైన పనో సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలుస్తుంది. ఇంటెల్ చిప్‌కి రాసిన ప్రోగ్రామ్ ఎం1 మీద నేరుగా నడవదు, రెండిటి భాషలు వేరు. మధ్యలో రొసెట్టా 2 అనే అనువాదకుడిని పెట్టారు. పాత యాప్‌ని అది కొత్త చిప్ భాషలోకి మార్చేస్తుంది, యూజర్‌కి తెలియనే తెలియదు. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. బీటెక్‌లో నా ల్యాప్‌టాప్ మీద కోడ్ కంపైల్ చేస్తుంటే చలికాలంలో చేతులు కాచుకునేవాళ్లం, నాకైతే ఇది మాయలాగే అనిపించింది. ఏడేళ్ల ముందు నుంచే పునాది వేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చేసిన పని ఇది. "ఇన్నోవేషన్ చచ్చిపోయింది" అనేవాళ్లు దీన్ని లెక్కలోకి ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు.

సరే, తప్పులు లేవా? బోలెడున్నాయి. ఎయిర్‌పవర్ అని ఒక ఛార్జింగ్ మ్యాట్ 2017లో స్టేజ్ మీద చూపించి, 2019లో మా వల్ల కాదని వదిలేశారు. కారు ప్రాజెక్ట్ మీద పదేళ్లు పనిచేసి 2024లో మూసేశారు. విజన్ ప్రో 3,499 డాలర్లు, టెక్నాలజీ అద్భుతం, కొన్నవాళ్లు తక్కువ. ఇవి ఏ పెద్ద కంపెనీకైనా జరిగేవే. నా కోపం వీటి మీద కాదు.

సిరి మీద.

2011 అక్టోబర్ 4న ఐఫోన్ 4ఎస్‌తో సిరిని చూపించారు. మర్నాడే జాబ్స్ చనిపోయారు. అప్పటికి అలెక్సా లేదు, గూగుల్ అసిస్టెంట్ లేదు. అంటే ఈ ఒక్క విషయంలో యాపిల్ నిజంగానే అందరికంటే ముందుంది! అలాంటిది పదేళ్ల తర్వాత కూడా సిరి అలారం పెట్టడానికి, అమ్మకి కాల్ చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

కారణం దాని లోపలి డిజైన్. పాత సిరి ఎలా పనిచేస్తుందంటే, మీరు చెప్పిన మాటని టెక్స్ట్‌గా మార్చి, అది ముందే రాసిపెట్టుకున్న పనుల్లో ఏ పనో గుర్తుపట్టి, ఖాళీలు నింపుతుంది. "రేపు ఆరింటికి లేపు" అంటే పని అలారం, టైమ్ ఆరు. కొత్త పని నేర్పాలంటే ఇంజనీర్లు కూర్చుని దానికి విడిగా కోడ్ రాయాలి. 2022 నవంబర్లో వచ్చిన చాట్‌జీపీటీ దీనికి పూర్తిగా రివర్స్. దాంట్లో ఒక్కో పనికి ఒక్కో రూల్ ఉండదు, కోట్ల వాక్యాల నుంచి భాషనే నేర్చుకుంటుంది.

2024 జూన్‌లో యాపిల్ ఇంటెలిజెన్స్ అని ప్రకటించారు. "మా అమ్మ ఫ్లైట్ ఎప్పుడు దిగుతుంది?" అని అడిగితే సిరి మెయిల్స్, మెసేజ్‌లు వెతికి తనే చెప్పేస్తుందని డెమో చూపించారు. యాడ్స్ వేశారు. ఆ యాడ్స్ చూసి జనం ఐఫోన్ 16 కొన్నారు. 2025 మార్చిలో, ఆ ఫీచర్ ఇంకా ఆలస్యం అవుతుందని చెప్పి, యాడ్ తీసేశారు. మొదట కట్టిన వెర్షన్ అనుకున్నంత నమ్మకంగా పనిచేయలేదని, వేరే ఆర్కిటెక్చర్‌కి మారాల్సి వచ్చిందని సాఫ్ట్‌వేర్ హెడ్ క్రెయిగ్ ఫెడరిగీ తర్వాత ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నారు.

ఇంకా బాధ ఐఫోన్ 15 కొన్నవాళ్లది. 2023 సెప్టెంబర్లో 79,900 పెట్టి కొంటే, తొమ్మిది నెలలకే "మీ ఫోన్లో యాపిల్ ఇంటెలిజెన్స్ రాదు" అన్నారు. లెక్క చూడండి. ఫోన్‌లోనే నడిచే మోడల్‌లో సుమారు 300 కోట్ల పారామీటర్లు ఉంటాయి. ఒక్కోదానికి 4 బిట్లు అనుకున్నా ఒకటిన్నర జీబీ ర్యామ్ దానికే పోతుంది. 15లో ఉన్నది 6 జీబీ, 15 ప్రోలో 8 జీబీ. ఆ రెండు జీబీ దగ్గరే కొన్నవాళ్లకి దెబ్బ పడింది. నాకు దీంట్లో కనిపించేది ఏంటంటే, ఆ ఫోన్ డిజైన్ చేస్తున్నప్పుడు ఏఐ ఫోన్‌లోకి ఇంత త్వరగా వస్తుందని వాళ్లు లెక్క వేసుకోలేదు. చిప్ విషయంలో ఏడేళ్లు ముందు చూసిన కంపెనీ ఇక్కడ ఏడాది ముందు కూడా చూడలేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పాయింట్‌కి వద్దాం. ఆగి, చివర్లో వచ్చి, శుభ్రంగా చేయడం. హార్డ్‌వేర్‌లో ఇది నడుస్తుంది. శాంసంగ్ 2019లో ఫోల్డ్ తెచ్చింది, మడతలు, గీతలు, తిప్పలు అన్నీ వాళ్లు పడ్డారు. ఎన్నేళ్లు ఆగినా యాపిల్‌కి నష్టం లేదు, స్క్రీన్ టెక్నాలజీ బాగుపడ్డాక కొనుక్కోవచ్చు. ఏఐలో అలా కుదరదు. జనం వాడాలి, తప్పులు బయటపడాలి, వాటితో మోడల్‌ని దిద్దాలి, మళ్లీ వదలాలి. రెండేళ్లు ఆగితే, ఆ రెండేళ్ల అనుభవం ఎవరి దగ్గరా కొనలేం. దానికి తోడు యూజర్ డేటా ముట్టుకోకూడదు అనే ప్రైవసీ పాలసీ ఒకటి. ఆ పాలసీ మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను, కానీ దాంతో పని ఇంకా కష్టమైంది.

డబ్బుల్లేక కాదు సుమా. 2024 మేలో సొంత షేర్లు తిరిగి కొనుక్కోవడానికి యాపిల్ ఆమోదించిన మొత్తం 110 బిలియన్ డాలర్లు. సఫారీలో గూగుల్ సెర్చ్ పెట్టినందుకు గూగుల్ 2022లో యాపిల్‌కి ఇచ్చింది దాదాపు 20 బిలియన్లు, ఇది అమెరికా కోర్టు కేసులో బయటికి వచ్చిన లెక్క. ఇంట్లో కూర్చుంటే ఇంత వస్తున్నప్పుడు సొంత సెర్చ్ కోసమో, సొంత ఏఐ కోసమో ఎవరు రిస్క్ తీసుకుంటారు చెప్పండి? నా అనుమానం, ఆ కంపెనీలో తెలివి తగ్గలేదు, ఆకలి తగ్గింది.

మరి ఫోన్ కొనాలనుకునేవాళ్లు? ఐఫోన్ 17 బేస్ మోడల్‌లో ఎట్టకేలకు 120 హెర్ట్జ్ ఇచ్చారు, స్టోరేజ్ 256 జీబీతో మొదలవుతుంది. మీకు నచ్చితే ఆ స్క్రీన్ కోసం, ఆ కెమెరా కోసం కొనుక్కోండి. సిరి మారుతుందని మాత్రం ఈఎంఐ కట్టకండి. మీ చేతిలో 13 బాగానే పనిచేస్తుంటే బ్యాటరీ మార్పించుకుని ఇంకో ఏడాది లాగించేయొచ్చు.

యాపిల్ కోలుకోదా అంటే, ఒక పాత ఉదాహరణ ఉంది. 2012లో ఐఫోన్ నుంచి గూగుల్ మ్యాప్స్‌ని తీసేసి సొంత మ్యాప్స్ పెట్టారు. ఎంత దరిద్రంగా వచ్చిందంటే, టిమ్ కుక్ బహిరంగ లేఖ రాసి సారీ చెప్పి, ఈలోపు వేరే కంపెనీల మ్యాప్స్ వాడుకోండని పేర్లతో సహా రాశారు. తర్వాత మెల్లగా మళ్లీ కట్టుకుంటూ వచ్చారు. 2016 మేలో మన హైదరాబాద్‌లో ఆఫీస్ తెరిచింది కూడా ఈ మ్యాప్స్ పని కోసమే. 2020 జనవరికి అమెరికా మొత్తానికి కొత్త మ్యాప్ వచ్చింది. ఏడేళ్లు పైనే పట్టింది, కానీ సొంతంగా చేసుకున్నారు.

సిరికి మాత్రం ఆ ఓపిక చూపించలేదు. 2026 జనవరిలో యాపిల్, గూగుల్ కలిసి ప్రకటించాయి, యాపిల్ కొత్త మోడల్స్ గూగుల్ జెమినీ ఆధారంగా వస్తాయని. ఆ సిరి చేతికి రాగానే ఫ్లైట్ సంగతి పక్కన పెట్టి, మా అమ్మ రైలు టికెట్ మెసేజ్‌తో, తెలుగు ఇంగ్లిష్ కలిపి అడిగి చూస్తాను. ఏం చెప్తుందో ఎడిటింగ్ లేకుండా మీకే చూపిస్తా. అప్పటిదాకా ఉంటాను మరి, బై.