టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డ్: ల్యాప్‌టాప్ లేనివాళ్లు కొనొచ్చా?

ఇదిగో, నా చేతిలో ఉన్నది లాజిటెక్ కె400 ప్లస్. ఎడమవైపు కీలు, కుడివైపు టచ్‌ప్యాడ్. కీబోర్డ్, మౌస్ రెండూ ఒకే దాంట్లో అన్నమాట.

ఈ వీడియోకి కారణం మా బాబాయి కొడుకు. డిగ్రీ ఫైనల్ ఇయర్. ల్యాప్‌టాప్ లేదు, ఉన్నది ఫోన్ ఒక్కటే. "అన్నా, ఇది కొనుక్కుని ఫోన్‌కి పెట్టుకుంటే ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం టైప్ చేసెయ్యొచ్చు కదా?" అన్నాడు. సాయంత్రాలు పని చేసి దాచుకున్న డబ్బులు వాడివి. తొందరపడకురా, నాది రెండు వారాలు తీసుకెళ్లి వాడి చూడు, తర్వాత కొందువుగాని అన్నాను.

ముందు కనెక్షన్ సంగతి. ఇది బ్లూటూత్ కాదు. దీంతో చిన్న యూఎస్‌బీ రిసీవర్ వస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పీసీకి గుచ్చితే చాలు, డ్రైవర్ గొడవ లేదు. విండోస్ రాకముందు బయోస్ స్క్రీన్‌లో కూడా టైప్ చెయ్యొచ్చు. బ్లూటూత్ కీబోర్డ్‌తో చాలా పీసీల్లో అది కుదరదు. మరి ఫోన్‌కి? రిసీవర్ పాత పెద్ద సైజు యూఎస్‌బీ, ఫోన్‌ది టైప్ సీ. మధ్యలో ఓటీజీ అడాప్టర్ కావాలి. అది పెట్టాక చార్జింగ్ పెట్టే చోటు ఉండదు. మావాడికి మొదటి దెబ్బ అక్కడే తగిలింది. కాసేపు టైపింగ్, తర్వాత అడాప్టర్ పీకి చార్జింగ్, మళ్లీ టైపింగ్. రెండో రోజుకే విసిగిపోయాడు.

ఫోన్‌లో పనిచెయ్యదా అంటే చేస్తుంది. స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది, రెండు వేళ్లతో జరిపితే స్క్రోల్ అవుతుంది. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ, యాప్‌లు మార్చడానికి ఆల్ట్ ట్యాబ్... ఇవి మాత్రం హాయిగా ఉంటాయి. పించ్ చేసి జూమ్ అవ్వాలంటే అవ్వదు, ఎందుకంటే ఫోన్ ఈ ప్యాడ్‌ని మామూలు మౌస్ లాగే చూస్తుంది. అయినా అసలు పాయింట్ అది కాదు. ఫోన్ ఎదురుగా జానెడు దూరంలోనే ఉంది కదా, వేలు పెట్టి నొక్కితే అయిపోతుంది. మావాడు రెండు వారాల్లో టచ్‌ప్యాడ్ ముట్టుకున్నదే తక్కువ. అంటే దేనికోసం ఎక్కువ డబ్బులు పెడుతున్నామో, అదే ఖాళీగా కూర్చుంది!

పైగా కుడివైపు ప్యాడ్ ఉండటంతో అక్షరాల కీలన్నీ ఎడమకి జరిగాయి. నంబర్ ప్యాడ్ లేదు. కీల కింద లైటు కూడా లేదు. పది నిమిషాలకి ఇవేవీ తెలియవు, ఇరవై పేజీలు కొడితే భుజానికి తెలుస్తుంది.

మరి ఇది ఎవరికి? పీసీని టీవీకి కలుపుకుని, సోఫాలో కూర్చుని వాడేవాళ్లకి. మా ఇంట్లో అదే సెటప్. చూడండి, ఎడమ పైమూలలో ఇక్కడ ఒక క్లిక్ బటన్ ఉంది. కుడి బొటనవేలితో బాణం జరుపుతూ, ఎడమ బొటనవేలితో క్లిక్ చెయ్యొచ్చు. టేబుల్ అక్కర్లేదు. వాల్యూమ్ కీలు టచ్‌ప్యాడ్ పైనే ఉన్నాయి. రెండు డబుల్ ఏ బ్యాటరీలు వేస్తే 18 నెలలు వస్తాయని, 10 మీటర్ల దాకా సిగ్నల్ అందుతుందని కంపెనీ చెప్తుంది.

ఆ 10 మీటర్ల సంగతి చెప్పాలి. మొదట్లో నాకు మూడు మీటర్లకే బాణం గెంతుతూ ఉండేది. కీబోర్డ్ పోయిందనుకున్నా, రిటర్న్ పెట్టేద్దామనుకున్నా. చూస్తే తప్పు నాదే. రిసీవర్ టీవీ వెనకాల, యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పక్క పోర్ట్‌లోనే ఉంది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో నాయిస్ వస్తుంది. ఇంటెల్ వాళ్లే 2012లో దీనిమీద పేపర్ ఇచ్చారు. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని రిసీవర్‌ని టీవీ ముందుకి తెచ్చా, గెంతడం ఆగిపోయింది. మీకూ ఇలా అవుతుంటే రిటర్న్ కన్నా ముందు ఇది చూడండి.

ఇంకోటి, దయచేసి స్కిప్ చెయ్యకండి. పేరూ ఊరూ లేని చవక వైర్‌లెస్ కీబోర్డ్‌లో బ్యాంక్ పాస్‌వర్డ్ కొడుతున్నారా? బాస్టిల్ అనే సెక్యూరిటీ సంస్థ 2016లో ఎనిమిది కంపెనీల చవక కీబోర్డులు కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఎన్‌క్రిప్షన్ లేకుండా గాల్లోకి పంపిస్తున్నాయని బయటపెట్టింది. అంటే పక్క గదిలో ఉన్నవాడు కూడా పట్టుకోవచ్చు. ఈ లాజిటెక్‌లో 128 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అలాగని పూర్తిగా సేఫ్ అనుకోవద్దు. అదే ఏడాది మౌస్‌జాక్ అనే లోపం బయటపడితే ఆ జాబితాలో లాజిటెక్ రిసీవర్లూ ఉన్నాయి. తర్వాత కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. పాతది సెకండ్ హ్యాండ్‌లో కొంటే మొదట ఆ అప్‌డేట్ చేసుకోండి.

మావాడి సంగతి ఏమైందంటారా? ఫోన్‌కి బ్లూటూత్ కీబోర్డ్, టచ్‌ప్యాడ్ లేనిదే, తీసుకున్నాడు. చార్జింగ్ పోర్ట్ ఖాళీగా ఉంటుంది, ఫోన్‌ని స్టాండ్‌లో పెట్టి టైప్ చేస్తున్నాడు. మిగిలిన డబ్బులు ప్రింటవుట్లకీ బైండింగ్‌కీ దాచుకున్నాడు. నాది నాకు తిరిగొచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా వాడేది మాత్రం మా అమ్మే.