బండి అమ్మినా చలానా మీకే!
సిరికొండ: నిజామాబాద్‌ మార్కెట్‌ యార్డుకు పసుపు తీసుకెళ్లే ఇక్కడి రైతులకు 44వ నంబరు జాతీయ రహదారి తప్పదు. అక్కడ అతివేగాన్ని పసిగట్టే లేజర్‌ గన్‌ బండిని ఆపదు, ఫొటో తీస్తుంది. చలానా మాత్రం నడిపిన వ్యక్తికి కాక, రిజిస్ట్రేషన్‌ ఎవరి పేరున ఉందో వారికే వస్తుంది. చిక్కంతా ఇక్కడే. పల్లెల్లో పాత బండ్లు నోటిమాట మీదే చేతులు మారుతుంటాయి, కాగితాలు మారవు. కొన్నవారు వేగంగా నడిపితే అమ్మినవారి ఫోనుకు సందేశం వస్తుంది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్‌ ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణాశాఖకు తెలియజేయాలి. బండి నంబరుతో పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లో బకాయి చూసుకోవచ్చు, మీసేవలోనూ చెల్లించవచ్చు. ఫొటోలోని బండి తమది కాకుంటే డబ్బు కట్టకముందే అదే వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయాలి. 2022 మార్చిలో, 2023 డిసెంబరులో రాయితీలు ఇచ్చారు కదా అని ఊరకుంటే బకాయి అమ్మినవారి పేరునే పెరుగుతుంది.