ఊపిరి సాధన

తర్లుపాడు, మార్కాపురం ప్రాంతాలు పలకలకు పెట్టింది పేరు. ఎందరో తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివే. అయితే ఆ రాతిని కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోతులకు చేరి, అక్కడ మచ్చలను ఏర్పరుస్తుంది. ఈ వ్యాధినే సిలికోసిస్ అంటారు. ఇది ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ.

క్షయకు మందులున్నాయి. సాధారణంగా ఆరు నెలలు, సిలికోసిస్ రోగులైతే అంతకంటె ఎక్కువకాలం, క్రమం తప్పక వాడాలి. క్రిములు నశిస్తాయి, కాని ఆయాసం కొందరిని విడిచిపెట్టదు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ తీవ్రంగా సోకినవారిలోనూ ఇదే కనిపించింది. నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. ఆ భయంతో రోగి మంచం దిగడు. ఇంటివారు కూడా ప్రేమకొద్దీ దిగనివ్వరు. కదలిక లేని కాళ్ళ కండరాలు క్షీణించి, ప్రాణవాయువును సరిగా వినియోగించుకోలేవు. దానితో ఆయాసం మరింత పెరుగుతుంది.

ఒకప్పుడు క్షయరోగికి విశ్రాంతే ప్రధాన చికిత్స. ఇంగ్లండులో 1905లో ప్రారంభమైన ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు భిన్నమార్గం పట్టాడు. కోలుకుంటున్న రోగులను మొదట కొద్ది దూరం నడిపించి, తరువాత మట్టితట్టలు మోయించి, చివరకు పారపని చేయించాడు. శ్రమను మెట్టుమెట్టుగా పెంచే ఆ పద్ధతే నేటి శ్వాస పునరావాస చికిత్సలోనూ కనిపిస్తుంది.

ఈ చికిత్స సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు సాగుతుంది. వైద్యుడు పరీక్షించి అనుమతించిన తరువాతే దీనిని మొదలుపెట్టాలి. ముందుగా రోగి ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలడో కొలుస్తారు. నడక ఆ కొలతనుబట్టి పెరుగుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతే వేగం తగ్గించాలి. ముక్కుతో గాలి పీల్చి, పెదవులను సున్నాలా చుట్టి, దీపం ఆరకుండా మంట మాత్రమే కదిలేటంత మెల్లగా వదలాలి. అప్పుడు శ్వాసనాళాలు త్వరగా మూసుకుపోవు. కుర్చీలోనుండి లేచి కూర్చోవడం తొడలకు బలమిస్తుంది. కోవిడ్ కాలంలో ఇంటింటా కనిపించిన మూడు బంతుల పరికరం ఊదడానికి కాదు, పీల్చడానికి! అది నడకకు బదులు కాజాలదు. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, కఫంలో రక్తం కనిపిస్తే వ్యాయామం ఆపి వైద్యుని చూడాలి.

మచ్చపడిన ఊపిరితిత్తిని వ్యాయామం మరల మొలిపించదు. మిగిలిన శ్వాసతో ఎక్కువ పని చేయగల దేహాన్ని తయారుచేస్తుంది, అంతే. పలకల కార్మికుడు తిరిగి పొడి కోత దగ్గరికే వెళితే ఆ లాభమూ దక్కదు. నీరు చల్లుతూ కోయడం, దుమ్మును లాగివేసే యంత్రాలు అమర్చడం యజమాని బాధ్యత. పని మానినా సిలికోసిస్ ముదరగలదు కనుక, అటువంటివారు ఏళ్ళతరబడి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.